కన్ను తెల్లబడితే నయమైనట్లు కాదు

దీర్ఘకాలంగా కళ్ళు పొడిబారి, ఎర్రబడి, మండుతున్నవారు నన్ను అడిగే ప్రశ్న తరచుగా ఇలా ఉంటుంది: "ఫలానా చుక్కలు వేసుకుంటే రెండు రోజులలో హాయిగా తగ్గిపోతుంది. మానితే మళ్ళీ వస్తుంది. ఆ మందునే వాడుకుంటూ పోవచ్చునా?" ఆ సీసాను తెప్పించుకొని చూస్తే చాలాసార్లు అది స్టిరాయిడ్ కలిసిన చుక్కల మందు అయి ఉంటుంది. వాడుకుంటూ పోకూడదన్నదే నా సమాధానం. అయితే ఆ ఒక్క మాట చెప్పి ఊరుకుంటే ఎవరూ వినరు. బాధ తగ్గించిన మందును వదులుకొమ్మని చెప్పేటప్పుడు కారణమూ చెప్పాలి, దాని స్థానంలో ఏమి చేయాలో కూడా చెప్పాలి.

ముందుగా కన్నీటి సంగతి. కన్నీరు అంటే వట్టి ఉప్పునీరని మనం అనుకుంటాము. కంటిగుడ్డు ముందుభాగాన్ని ఎల్లప్పుడూ కప్పి ఉంచే పలుచని పొర అది. అందులోని నీరు అశ్రుగ్రంథుల నుండి వస్తుంది. ఆ నీరు కంటిని అంటిపెట్టుకొని ఉండడానికి కావలసిన జిగురును తెల్లగుడ్డు పైపొరలోని సూక్ష్మకణాలు తయారుచేస్తాయి. ఈ నీరు ఆవిరి కాకుండా పైన పలుచని నూనెపూత ఉంటుంది. ఊరగాయ జాడీలో పైకి తేలిన నూనె లోపలి ముక్కకు గాలి తగలకుండా ఎలా కాపాడుతుందో, ఈ పూత చేసే పని అటువంటిదే. ఈ నూనె కనురెప్పల అంచులలో వరుసగా అమరిన మైబోమియన్ గ్రంథుల నుండి వస్తుంది. పై రెప్పలో సుమారు 25 నుండి 40, క్రింది రెప్పలో 20 నుండి 30 వరకు ఉంటాయి. 1666లో వీటిని వివరించిన జర్మన్ వైద్యుడు హైన్రిక్ మైబోమ్ పేరు మీదుగా వాటికి ఆ పేరు స్థిరపడింది.

కళ్ళు పొడిబారేవారిలో ఎక్కువమందికి లోపం ఈ నూనెలోనే ఉంటుంది. గ్రంథుల ద్వారాలు మూసుకుపోతాయి. లోపలి నూనె చలికాలపు నెయ్యి వలె పేరుకుపోతుంది. పూత లేని కన్నీరు రెప్ప వేసిన కొద్ది సెకండ్లకే చెదిరిపోతుంది. కంటి వైద్యులు ఫ్లోరెసిన్ అనే రంగును కంటిలో వేసి, ఆ పొర ఎన్ని సెకండ్లలో చెదురుతుందో లెక్కిస్తారు. 10 సెకండ్లలోపే చెదిరితే సాధారణంగా లోపమున్నట్లు భావిస్తారు. పొర చెదిరిన చోట కంటి ఉపరితలం మండుతుంది. ఆ మంటకు స్పందనగా అశ్రుగ్రంథి ఒక్కసారిగా నీటిని వదులుతుంది. "నా కళ్ళు ఎప్పుడూ కారుతూనే ఉంటే పొడికళ్ళు అంటారేమిటి?" అని రోగులు ఆశ్చర్యపోయేది ఇందుకే. అలా కారే నీటిలో నూనె, జిగురు సరిపడా ఉండవు. అది చెంపల మీదికి పోతుందే గాని కంటి మీద నిలవదు.

ఇక ఎరుపు. కన్నీరు ఆవిరైన కొద్దీ మిగిలినదానిలో ఉప్పు సాంద్రత పెరుగుతుంది. ఆ ఉప్పుదనానికి ఉపరితల కణాలు దెబ్బతిని వాపును కలిగించే రసాయనాలను విడుదల చేస్తాయి. ఆ వాపు వలన జిగురును తయారుచేసే కణాలు నశిస్తాయి. దానితో పొడిదనం మరింత పెరుగుతుంది. ఒకదాన్ని మరొకటి పెంచుకుంటూ పోయే చక్రమిది. స్టిరాయిడ్ చుక్కలు ఈ వాపును వేగంగా అణచివేస్తాయి. అందుకే రెండు రోజులలో కన్ను తెల్లబడుతుంది. మందు పనిచేయదని నేను అనడం లేదు. నేత్రవైద్యులు సైతం వాపు ఎక్కువగా ఉన్నప్పుడు తేలికపాటి స్టిరాయిడ్‌ను రెండు నుండి నాలుగు వారాలు, కంటిలోని ఒత్తిడిని కొలుస్తూ వాడిస్తారు. రెప్పల గ్రంథులు మూసుకుపోయి ఉన్నంతకాలం వాపు తిరిగి వస్తుంది గనుక, రోగి ఆ సీసా కోసమే తిరిగి మందుల దుకాణానికి వెళతాడు. చిక్కు మొదలయ్యేది అక్కడే.

స్టిరాయిడ్ చుక్కలను కొన్ని వారాలు వాడితే సుమారు మూడింట ఒక వంతు మందికి కంటిలోని ఒత్తిడి కొంత పెరుగుతుంది. నూటికి ఐదుగురికి అది చాలా ఎక్కువగా పెరుగుతుంది. ఆ ఐదుగురిలో మీరు ఉన్నారో లేదో ఒత్తిడిని కొలిస్తే తప్ప తెలియదు. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. నిజానికి ఎరుపు పోయింది గదా అని మీరు సంతోషంగానే ఉంటారు. లోపల మాత్రం దృష్టినాడి క్రమంగా క్షీణిస్తుంది. చూపు అంచుల నుండి తగ్గుతూ వస్తుంది కాబట్టి ఎదురుగా ఉన్న మనిషి ముఖం స్పష్టంగానే కనిపిస్తుంది, ప్రక్క నుండి వచ్చే స్కూటరు కనిపించదు. దీనినే నీటికాసులు అంటారు, ఆంగ్లంలో గ్లకోమా. ఇలా పోయిన చూపు తిరిగి రాదు. శుక్లాలను శస్త్రచికిత్సతో తొలగించవచ్చును గాని, చచ్చిన నాడిని బ్రతికించే శస్త్రచికిత్స నేటికీ లేదు. స్టిరాయిడ్ వలన చిన్న వయసులోనే శుక్లాలు కూడా వస్తాయి. వరిగడ్డి పరక గుచ్చుకొని నల్లగుడ్డు మీద పుండు పడిన రైతుకు ఇదే మందు వేస్తే, ఆ పుండులోని శిలీంధ్రం విజృంభించి కన్నే పోవచ్చును.

నేను జిల్లా ఆసుపత్రిలో ఉన్న రోజులలో ఒక దర్జీ వచ్చేవాడు. నలభై ఏండ్లు దాటలేదు. సూదిలోకి దారం ఎక్కించేటప్పుడు కళ్ళు మండుతున్నాయని ఎవరో వ్రాసి ఇచ్చిన చీటీతో అదే స్టిరాయిడ్ చుక్కలను మూడేండ్లు కొనుక్కున్నాడు. ఆ చీటీ మడతలలో చిరిగిపోయి, వెనుక అట్టముక్క అంటించి ఉండేది. దాని మీద "రోజుకు నాలుగుసార్లు" అని ఉన్నది, ఎన్నాళ్ళో లేదు. నేత్రవైద్యుని వద్దకు పంపేనాటికి కుడికంటి చూపులో మిగిలినది నడుమ ఉన్న కొంత భాగమే. ఆ తరువాత కూడా అతడు కుట్టుపని మానలేదు. జాకెట్లు, చొక్కాలు మాని సంచులు కుట్టుకున్నాడు.

ఇందులో తప్పు ఎవరిది? దుకాణదారుడిదే అనడం సులభం. స్టిరాయిడ్ మందులు మన దేశంలో షెడ్యూల్ హెచ్ క్రిందికి వస్తాయి. వైద్యుని చీటీ లేకుండా అమ్మకూడదు. అయినా "కళ్ళు ఎర్రబడ్డాయి" అనగానే యాంటీబయాటిక్, స్టిరాయిడ్ కలిసిన చుక్కలను చేతిలో పెట్టే దుకాణాలు ఏ ఊరిలోనైనా కనిపిస్తాయి. కాని నా ఉద్దేశంలో మా వైద్యుల బాధ్యత అంతకంటే తక్కువేమీ కాదు. స్టిరాయిడ్ చుక్కలను వ్రాసే ప్రతి చీటీ మీద ఆపవలసిన తేదీని అంకెలలో వ్రాయాలి. "ఈ తేదీ తరువాత ఇది మందు కాదు" అని నోటితో కూడా చెప్పాలి. అందుకు అరనిమిషం చాలు. దానికంటే కష్టమైన మాట మరొకటున్నది: "ఇది షుగరు, బీపీల వంటిది, అదుపులో ఉంచుకోవలసిందే గాని ఒక కోర్సుతో పోయేది కాదు." ఆ మాట చెప్పని వైద్యుని వద్ద నుండి రోగి ఇంకొకరి వద్దకు, అక్కడి నుండి దుకాణానికి పోతాడు.

మరొక ప్రమాదం మీ ఇంట్లోనే ఉండవచ్చును. శుక్లాల ఆపరేషన్ తరువాత కొన్ని వారాలు స్టిరాయిడ్ చుక్కలు ఇస్తారు, అది అవసరమే. మిగిలిన సీసాను ఫ్రిజ్ తలుపులో పెట్టి, ఆరు నెలల తరువాత కోడలికి కళ్ళు మండితే "ఇది మంచి మందమ్మా, నాకు ఇచ్చారు" అని వేసే అత్తగార్లు, మామగార్లు ఎందరో ఉన్నారు. సీసా మీద డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసొలోన్, డైఫ్లుప్రెడ్నేట్, లోటెప్రెడ్నాల్, ఫ్లోరోమెథలోన్ అనే పేర్లలో ఏది ఉన్నా అది స్టిరాయిడే. అక్షరాలు మరీ చిన్నవి. మనుమల చేత చదివించండి. రక్తనాళాలను సంకోచింపజేసి ఎరుపును తగ్గించే నాఫజొలిన్ వంటి చుక్కలు వేరే రకం. వాటితో ఒత్తిడి ప్రమాదం అంతగా లేకపోయినా, అలవాటు పడి మానితే ఎరుపు రెట్టింపుగా తిరిగి వస్తుంది.

సరే, మరి చేయవలసినదేమిటి? చెబితే చాలామంది పెదవి విరుస్తారు, ఎందుకంటే అది వేడిగుడ్డ. శుభ్రమైన నూలుగుడ్డను మణికట్టు లోపలివైపు తాకితే ఓర్చుకోగలిగినంత వేడినీటిలో ముంచి, పిండి, మూసిన రెప్పల మీద వేయాలి. గుడ్డ రెండు నిమిషాలలో చల్లారిపోతుంది. మళ్ళీ ముంచాలి. మొత్తం ఐదు నుండి పది నిమిషాలు. చల్లారిన గుడ్డను పదినిమిషాలు ఉంచుకొని "కాపడం పెట్టాను, గుణం లేదు" అనేవారు చాలామంది. నెయ్యి కరగాలంటే వేడి ఉండాలి గదా! తరువాత శుభ్రమైన వేలితో పైరెప్పను క్రిందికి, క్రిందిరెప్పను పైకి, అంచు వైపుగా మృదువుగా నిమరాలి. కరిగిన నూనె బయటికి వస్తుంది. కంటిగుడ్డును నొక్కకూడదు. ఆపై కాచి చల్లార్చిన నీటిలో తడిపిన దూదితో వెంట్రుకల మొదళ్ళను తుడవాలి. మొదట రోజుకు రెండుసార్లు, కుదుటపడిన తరువాత ఒకసారి. ఫలితం వారాలలో మొదలై నెలలలో స్థిరపడుతుంది. కాటుకను రెప్ప లోపలి అంచున దిద్దుకునే అలవాటుంటే ఆ గ్రంథుల ద్వారాలను మీరే పూడుస్తున్నారని గుర్తించండి. ఇది చెబితే మా ఇంట్లోనే కోపాలు వచ్చాయి.

కృత్రిమ కన్నీటి చుక్కలు రెండవ ఆధారం. కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్, హయలురోనేట్ వంటివి ఏండ్ల తరబడి వాడినా ఒత్తిడిని పెంచవు. అయితే సీసా చెడిపోకుండా కలిపే బెంజాల్కోనియం క్లోరైడ్ అనే పదార్థం తరచుగా వాడితే కంటి ఉపరితలాన్ని దెబ్బతీస్తుంది. రోజుకు నాలుగు సార్లకు మించి వేసుకునేవారు అది లేని రకాన్ని అడగాలి. ఒక్కసారి వాడి పారవేసే చిన్న గొట్టాలు ఖరీదైనవే. అందరూ భరించలేరని నాకు తెలుసు. పగలు సార్లు తగ్గించి, రాత్రి నిద్రకు ముందు చిక్కని జెల్ వేసుకుంటే కొంత సర్దుబాటు అవుతుంది. కంటిలో ఒక చుక్కకే చోటుంటుంది. రెండవ చుక్క చెంప పాలు.

వాపు తగ్గనివారికి స్టిరాయిడ్‌కు బదులు దీర్ఘకాలం వాడదగిన మందు సైక్లోస్పోరిన్ చుక్కలు. అమెరికాలో దీనికి 2002లోనే అనుమతి లభించింది. పూర్తి గుణం కనబడడానికి మూడు నుండి ఆరు నెలలు పడుతుంది. మొదటి వారాలలో వేసుకోగానే మండుతుంది కూడా. పదిహేను రోజులకే మానివేసి "పనిచేయలేదు" అనేవారే ఎక్కువ. మొదలుపెట్టే ముందే ఈ సంగతి తెలిస్తే ఓపిక పట్టగలుగుతారు.

మనం నిమిషానికి సుమారు 15 సార్లు రెప్ప వేస్తాము. తెర చూస్తున్నప్పుడు అది సగానికో, అంతకన్నా తక్కువకో పడిపోతుంది, వేసే రెప్ప కూడా సగమే మూసుకుంటుంది. తెరను కంటి మట్టానికి క్రిందుగా పెట్టుకుంటే కన్ను తక్కువ తెరుచుకుంటుంది. రాత్రంతా ముఖం మీదికి సూటిగా వీచే సీలింగ్ ఫ్యాను, కారులో ఎ.సి. గాలి, అద్దాలు లేకుండా బండి ప్రయాణం, కట్టెలపొయ్యి పొగ, మిరపయార్డులో పని, ఇవన్నీ కన్నీటిని ఆరబెట్టేవో, కంటిని రేపేవో అయినవే. వీటిలో మీ చేతిలో ఉన్నవాటిని మార్చుకోండి.

విటమిన్ల గురించి తప్పక అడుగుతారు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వచ్చే పిల్లలలో రేచీకటి, తెల్లగుడ్డు మీద నురుగు వంటి బైటాట్ మచ్చలు మామూలు విషయం. అది విటమిన్ ఎ లోపం వలన వచ్చే పొడిదనం. 1970లో మొదలైన జాతీయ కార్యక్రమం క్రింద ఆరు నెలలకొకసారి చెంచాతో విటమిన్ ఎ పోసి ఎందరి కళ్ళనో కాపాడారు. నేడు రెండు పూటలా తింటున్న పెద్దవారి పొడికళ్ళు ఆ కోవకు చెందినవి కావు. చేపనూనె మాత్రల సంగతి కూడా అంతే. 2018లో ప్రచురితమైన ఒక పెద్ద అమెరికన్ అధ్యయనంలో, ఏడాదిపాటు రోజుకు 3 గ్రాముల ఒమేగా-3 తీసుకున్నవారికి ఆలివ్ నూనె మాత్రలు తీసుకున్నవారికంటే ఎక్కువ మేలు కనబడలేదు. పొన్నగంటి కూర తినండి, మంచిదే. నందివర్ధనం రసం, తేనె, ఆముదం, తల్లిపాలు మాత్రం కంటిలో పోయకండి. సూక్ష్మజీవులు లేకుండా శుద్ధిచేయనిది ఏదైనా కంటికి శత్రువే.

కళ్ళతో పాటు నోరు కూడా ఎండిపోయి, ముద్ద మ్రింగడానికి నీళ్ళు త్రాగవలసి వస్తుంటే, కీళ్ళు నొప్పులుగా ఉంటే, ముఖ్యంగా నడివయసు స్త్రీలు, ష్యోగ్రెన్ వ్యాధికి పరీక్ష చేయించుకోవాలి. జలుబు మాత్రలు, కొన్ని మానసిక వ్యాధుల మందులు, మొటిమలకు వాడే ఐసోట్రెటినాయిన్ కూడా కళ్ళను ఎండబెడతాయి. ఇంటిలోనివారికి ఒక మాట. ఈ వ్యాధిలో కన్ను చూడడానికి మామూలుగా ఉండి బాధ విపరీతంగా ఉండవచ్చును. "కళ్ళు బాగానే ఉన్నాయి గదా, అన్నీ నీ ఊహలు" అనకండి. పగలంతా కన్ను తెరవడమే శ్రమగా ఉన్నవారు ఆ మాటకు ఎంతగా క్రుంగిపోతారో నేను చూశాను.

ఒక కన్ను మాత్రమే ఎర్రబడి నొప్పి పెట్టినా, చూపు మసకబారినా, వెలుతురు చూడలేకపోయినా, నల్లగుడ్డు మీద తెల్లమచ్చ కనిపించినా అది పొడికన్ను అనుకొని కాపడం పెడుతూ కూర్చోవద్దు. ఆ రోజే నేత్రవైద్యుని వద్దకు వెళ్ళాలి.

స్టిరాయిడ్ చుక్కలను నెలకు మించి వాడినవారు, ఇప్పుడు మానివేసినవారైనా సరే, ఈ వారంలోనే కంటిలోని ఒత్తిడిని కొలిపించుకోండి. వాడుతున్నవారు తమంతట తాము ఒక్కసారిగా మానవద్దు, తగ్గించే పద్ధతిని వైద్యుడు చెబుతారు. వెళ్ళేటప్పుడు ఇంట్లో ఉన్న చుక్కల సీసాలన్నిటినీ, ఖాళీవాటితో సహా, ఒక సంచిలో వేసి తీసుకువెళ్ళండి. రెప్పల అంచులను నొక్కి నూనె ఎలా వస్తున్నదో చూడమని అడగండి. రద్దీగా ఉండే ఓపీలో అడగనిదే అది జరగదు.