మేడమీద జడపిన్నులు


వీధి వర్తకులను తొలగించి కాలిబాటలు ఖాళీ చేయవలెనని పత్రికలకు తరచు లేఖలు వచ్చుచుండును. నడచువారి ఇబ్బంది నిజమే. త్యాగరాయనగరములో నేనును దానిని నిత్యము పడుచున్నాను. కాని తొలగించుట ఒక్కటే మార్గమనువారు పాండీబజారు సంగతి ఒకసారి తలచుకొనవలెను.

2013లో అక్కడి కాలిబాట వర్తకులను సమీపమున కట్టిన అంతస్తుల భవనములోనికి మార్చిరి. నీడ దొరికినది, తాళము వేసికొన గది దొరికినది. బేరము మాత్రము తగ్గినదని వారు మొరపెట్టుకొనిరి. ఆశ్చర్యమేమున్నది? జడపిన్నులు, రుమాళ్లు, గాజులు కొనుటకని ఎవరును ఇల్లు కదలరు. చీరకై వచ్చినవారు దారిలో చూచి కొందురు. పది రూపాయల పిన్నుకై మేడ యెక్కువా రెవరు? దారిన పోవువాని చూపే ఈ వర్తకమునకు పెట్టుబడి. దానిని తీసివేసి గది యిచ్చితిమనుట, చేపను ఒడ్డున పెట్టి చోటు చూపితిమనుట వంటిదే. 2019లో ఆ కాలిబాటలను వెడల్పు చేసిరి. ఇప్పుడు నడచుటకు హాయిగా ఉన్నదని ఒప్పుకొనక తప్పదు.

పార్లమెంటు ఈ వర్తకులకై చట్టము చేసినది 2014లో, అనగా పాండీబజారువారు కదలిన మరుసటి యేడు. దాని ప్రకారము సర్వే జరిపి ధ్రువపత్రములు ఇచ్చువరకు ఎవరిని తొలగింపరాదు. ఆపైన తొలగింపవలసివచ్చినను 30 దినముల నోటీసు ఈయవలెను. సరకు పట్టుకొన్నచో జాబితా వ్రాసి, సంతకము చేసి చేతికీయవలెను. రుసుము కట్టి అడిగినచో పూలు, పండ్లవంటివి ఆనాడే, తక్కినవి రెండు పనిదినములలో తిరిగి యీయవలెను. లారీలో పడిన పూలగంప ఆ సాయంత్రమే తిరిగి వచ్చునని ఎంతమంది పూలమ్మువారికి తెలియును? ఏబదేండ్లకు మించి సాగిన సహజమైన బజారులను వారసత్వ విపణులుగా ప్రకటించి, అక్కడివారిని కదల్పరాదనియు అందులో ఉన్నది. మైలాపూరు మాడవీథులు మనకింకను మిగిలియున్నవి గనుక ఈ మాట ముఖ్యము.

ఇంకొక సంగతి. పెద్ద దుకాణముల మెట్లు, బోర్డులు, జనరేటరు పెట్టెలు, వారి ఖాతాదారుల మోటారుసైకిళ్లు కాలిబాటను ఎంత మ్రింగినవో కొలిచినవారు కనబడరు. గంప ఎత్తుకొనిపోవుట సులభము, సిమెంటు మెట్టు పగులగొట్టుట కష్టము. అంతే తేడా.

నా మనవి ఇది. ముందు నడచువారి పాలు తేల్చి కాలిబాటపై గీత గీయవలెను. కఱ్ఱ ఊతముతో నడచు వృద్ధులు, చక్రాల కుర్చీవారు సుఖముగా పోగలిగినంత వెడల్పు ఉండవలెను. బస్సు నిలుచుచోట, మలుపులలో అమ్మకమే కూడదు. మిగిలిన చోటు, మేడ మీద గాక వీథిలోనే, వర్తకులకు రుసుముపై ఈయవలెను. ఇప్పుడు రసీదులేని మామూలుగా పోవునది రసీదుతో నగరపాలక సంస్థకు చేరును. ఇవి నిర్ణయించుటకే చట్టము ఊరూర వర్తక సమితిని పెట్టినది. అందులో నూటికి 40కి తగ్గకుండ వర్తకులు తామెన్నుకొన్నవారే ఉండవలెను. వారిలో మూడవవంతు స్త్రీలు.

ఇది మనకెందుకని తెలుగు కుటుంబములవారు అనుకొనరాదు. ఈ పేటకు పేరైన పిట్టి త్యాగరాయశెట్టిగారు మనవారే. మదరాసు కార్పొరేషనుకు ఉద్యోగి గాని మొదటి అధ్యక్షులు ఆయన. మన ఆడవారు తెలుగున బేరమాడి తమిళమున తిట్లు తిని, మరునాడు ఆ గంప దగ్గరకే పోవుచున్నారు గదా. కావున ఇక్కడి తెలుగు సంఘములవారు తమ వార్డు కౌన్సిలరును కలసి, వర్తక సమితి ఎప్పుడు కూడినదో, ఏ వీథికి ఏమి నిర్ణయించినదో అడిగి, ఆ వివరము వార్డు కార్యాలయపు గోడపై అంటింపించవలెనని కోరుచున్నాను.

ఇట్లు,
ఒక చందాదారుడు
త్యాగరాయనగర్, చెన్నై