పాట కట్టినామె ఎవరు?

నేను పుట్టింది నల్లగొండ జిల్లా, మెట్టింది పాలమూరు. మొన్న బతుకమ్మనాడు కరెంటు పోయి డీజే ఆగిపోతే మా అత్తమ్మ ఒక ఉయ్యాల పాట ఎత్తుకుంది. కరువు యేడు మామయ్య బొంబాయి పనికి పోయినప్పుడు తనే కట్టిన పాటట. ఇరవై ఏళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం. ఆ సంగతి నాకు ఆరోజే తెలిసింది. "ఎన్నడూ చెప్పలేదేం అత్తమ్మా?" అన్నాను. "నువ్వెన్నడు అడిగినవ్ బిడ్డా?" అంది.

నిజమే. పాట వినగానే పాడిందెవరని అడుగుతాం గానీ కట్టిందెవరని అడగం. 'బండెనక బండి' అనగానే గద్దర్ గుర్తొస్తారు. 1980లో విడుదలైన 'మా భూమి' సినిమాలో ఆయన గొంతుతో ఆ పాట ఊరూరా పాకింది. కానీ దాన్ని కట్టింది నిజాం మీద సాయుధ పోరాటంలో పాల్గొన్న బండి యాదగిరి. అదే సినిమాలో పశువుల కాపరి పిల్లాడి మీద పాట రాసింది సుద్దాల హనుమంతు. మా నల్లగొండ పోరాట కవి, 1982లో పోయారు. వీళ్ల పేర్లు కొందరికైనా తెలుసు. మరి ఆడవాళ్లు కట్టిన పాటలో? నాటు పాటైనా, ఇసుర్రాయి పాటైనా, బతుకమ్మ పాటైనా అన్నిటికీ ఒక్కటే పేరు: 'జానపదం'!

2021లో 'లవ్ స్టోరీ' సినిమాకు 'సారంగ దరియా' పాట వాడుకున్నప్పుడు పెద్ద చర్చే జరిగింది. సేకరించిందెవరు, పాడాల్సిందెవరు, సినిమాకు రాసిందెవరు అని వాదించుకున్నారు. మొదట ఆ పల్లవి ఏ ఆడమనిషి నోట పుట్టిందో అన్న ప్రశ్న మాత్రం వెనకబడిపోయింది. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించి సినిమా పాటల రచయితలకు రాయల్టీలో వాటా కల్పించారు. మంచిదే. కానీ పేరే తెలియని మనిషికి వాటా ఎవరిస్తారు?

అడిగితే పేర్లు నిలుస్తాయి. నల్లగొండ బిడ్డ మల్లు స్వరాజ్యం పోరాట కాలంలో ఉయ్యాల పాటల వరసలోనే జనాన్ని కదిలించింది. ఆమెతో పాటు ఇంకెందరో ఆడవాళ్ల అనుభవాలను స్త్రీశక్తి సంఘటన వాళ్లు అడిగి, విని, 1986లో 'మనకు తెలియని మన చరిత్ర'గా అచ్చువేశారు. అడిగిందీ ఆడవాళ్లే, చెప్పిందీ ఆడవాళ్లే.

బతుకమ్మ 2014లో రాష్ట్ర పండుగయింది, సంతోషం. కానీ పెట్టెలోంచి వచ్చే పాటకు చప్పట్లు కొడుతూ పోతే, మన ఊరి కరువునూ మన ఇంటి వలసనూ పాటలో పెట్టేదెవరు?

అందుకే అత్తమ్మ పాటను నోటుబుక్కులో రాసిపెట్టాను. పైన ఆమె పేరు, ఊరు, ఆ కరువు యేడు కూడా రాశాను. చూపిస్తే నవ్వి, "ఇంకో రెండున్నయి, రాస్కుంటవా?" అంది.

మీ ఇంట్లో ఎన్నున్నాయో, ఒకసారి అడిగి చూడండి.