నొప్పి లేదని ఆపరేషన్ వాయిదా వేయొద్దు

కిడ్నీలో రాళ్ల కోసమో, అజీర్తి అనో స్కాన్ చేయిస్తే ‘కడుపులో బృహద్ధమని ఉబ్బింది’ అని రిపోర్టు వస్తుంది. ఏ బాధా లేని మనిషికి అంత పెద్ద ఆపరేషన్ ఎందుకని ఇంటిల్లిపాదీ వెనకాడతారు. ఆ భయం సహజమే. కానీ ఈ జబ్బులో నొప్పి వచ్చేదాకా ఆగితే చాలాసార్లు పరిస్థితి చేయి దాటిపోతుంది.

గుండె నుంచి ఒంటికంతా రక్తాన్ని మోసుకెళ్లే పెద్ద రక్తనాళమే బృహద్ధమని. కడుపు భాగంలో దీని వెడల్పు సుమారు 2 సెంటీమీటర్లు. గోడ బలహీనపడి 3 సెంటీమీటర్లకు చేరితే అన్యూరిజమ్ అంటాం. పొగతాగే అలవాటు, పెరిగే వయసు, అధిక రక్తపోటు, తల్లిదండ్రుల్లోనో తోబుట్టువుల్లోనో ఈ సమస్య ఉండటం ముప్పును పెంచుతాయి.

ఉబ్బు కనిపించగానే కంగారు పడొద్దు. మగవారిలో 5.5, ఆడవారిలో 5 సెంటీమీటర్లకు చేరేదాకా సాధారణంగా క్రమం తప్పకుండా స్కాన్ చేయించుకుంటే చాలు. చిన్న ఉబ్బులకు ముందే ఆపరేషన్ చేసినా ఆయుష్షు పెరగదని బ్రిటన్, అమెరికాల్లో జరిగిన అధ్యయనాలు తేల్చాయి. వేగంగా పెరుగుతున్నా, నొప్పి మొదలైనా మాత్రం ఆగకూడదు.

ఆ హద్దు దాటాక జాప్యమే అసలు ప్రమాదం. ముందుగా సిద్ధమై చేయించుకుంటే, అనుభవమున్న చోట నూటికి 95 మందికి పైగా క్షేమంగా ఇంటికి వెళ్తారు. ధమని పగిలితే చాలామంది ఆసుపత్రికే చేరలేరు. చేరి ఆపరేషన్ చేయించుకున్నవారిలోనూ మూడో వంతుకు పైగా దక్కకపోవచ్చు.

‘గజ్జల్లోంచి స్టెంట్ వేయించేద్దాం, కోత ఉండదు కదా’ అని చాలామంది అడుగుతారు. తొలి నెలల్లో దాని ముప్పు తక్కువే, కోలుకోవడమూ త్వరగానే. కానీ స్టెంట్ పక్కనుంచి రక్తం లీకవుతోందేమో చూడటానికి జీవితాంతం స్కాన్లు తప్పవు. కొందరికి మళ్లీ చికిత్స చేయాల్సి వస్తుంది. వయసు పైబడి, గుండె, ఊపిరితిత్తులు బలహీనంగా ఉన్నవారికి స్టెంట్ మేలు. ఆరోగ్యంగా ఉండి, ఏటా స్కాన్లకు రాలేనివారికి ఓపెన్ సర్జరీయే మంచిదని నా అభిప్రాయం. ఏది ఎంచుకున్నా, ‘ఇలాంటివి ఇక్కడ ఏటా ఎన్ని చేస్తారు?’ అని సర్జన్‌ను మొహమాటపడకుండా అడగండి.

మీ నాన్నగారికి 65 దాటి, ఎప్పుడో మానేసినా సరే, సిగరెట్, బీడీ, చుట్ట తాగిన చరిత్ర ఉంటే ఒక్కసారి పొట్టకు అల్ట్రాసౌండ్ చేయించండి. సూది, కోత లేని చిన్న పరీక్ష అది. ఉబ్బు ఉందని తెలిసినవారికి కడుపులోనో, నడుములోనో ఒక్కసారిగా తీవ్రమైన నొప్పి వచ్చి కళ్లు తిరిగితే, గ్యాస్ మాత్ర వేసి చూడొద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి, పాత స్కాన్ రిపోర్టు వెంట తీసుకెళ్లండి.