పండగ పని ఎవరిది?

బతుకమ్మ దగ్గరపడుతోంది. మా మీర్‌పేటలో ఆడవాళ్ళంతా ఇల్లు దులపడాలు, దిల్‌సుఖ్‌నగర్ బట్టల షాపులు, సద్దుల లెక్కల్లో మునిగిపోయారు. తొమ్మిది రోజుల పండగ మన పేరునే ఉంది, చాకిరీ కూడా.

కిందటేడు సద్దుల సాయంత్రం వీధిలో అందరూ ఆడుతుంటే, నిలబడే ఓపికలేక గుమ్మంలో కూర్చుండిపోయాను. "ముందే ప్లాన్ చేసుకోవలసింది" అన్నారు ఇంట్లోవాళ్ళు. ఆ ప్లాను వేయడం కూడా నా పనే అన్నమాట!

కేంద్ర ప్రభుత్వ 2024 సమయ వినియోగ సర్వే ప్రకారం, ఇంటిపని చేసేవారిలో స్త్రీలు రోజుకి 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు జీతంలేని ఆ పనికి వెచ్చిస్తున్నారు. ఇక పండగపూట సంగతి చెప్పాలా?

ఈసారి పదిహేను రోజుల ముందే ఇంటిల్లిపాదీ కూర్చుని కాగితం రాశాం. ప్రతి పని పక్కనా ఒక పేరు. బూజు దులపడం అబ్బాయిది. తంగేడు, గునుగు తేవడం, గిన్నెలు తోమడం నా సహచరుడివి. సద్దులు రెండు రకాలు చాలనుకున్నాం. ఇంట్లో పనిచేసే ఆమెకి ఆ రోజు జీతంతో సెలవు. ఆమెకీ బతుకమ్మ ఉంది. మన బరువు దించుకుని ఆమె నెత్తిన పెడితే అది మార్పు కాదు.

"సాయం చేస్తాం" అంటే మురిసిపోవద్దు. సాయం అన్నామంటే పని మనదేనని ఒప్పుకున్నట్టే. మనం అడగవలసింది పంపకం. సద్దులనాటి సాయంత్రం వంటింట్లో కాదు, బతుకమ్మ చుట్టూ కలుసుకుందాం.