సీసాలో డీజిల్ రాలేదు, ప్రశ్న వచ్చింది



భోగి మంటల బూడిదను డబ్బాలో పోసుకొచ్చి, "టీచర్, దీంతో డీజిల్ చేయొచ్చట కదా?" అని అడిగాడు తొమ్మిదో తరగతి అబ్బాయి. చేయొచ్చు. వాడిన వంటనూనెను మిథనాల్‌తో కలిపి, క్షార ఉత్ప్రేరకం వేసి వేడిచేస్తే బయోడీజిల్, గ్లిజరిన్ ఏర్పడతాయి. ఉత్ప్రేరకంగా సాధారణంగా సోడియం లేదా పొటాషియం హైడ్రాక్సైడ్ వాడతారు. కట్టెల బూడిదలోని పొటాషియం కార్బొనేట్ కూడా ఆ పని చేయగలదు. మన అమ్మమ్మలు తోమిన గిన్నెల జిడ్డు వదిలించింది ఆ క్షారమే.

ల్యాబ్‌లో నేనే చేశాను, పిల్లలు దూరం నుంచి చూశారు. డీజిల్ రాలేదు. సీసా నిండా సబ్బు నురగ! పిల్లలు నీరసపడ్డారు. కానీ "ఎందుకిలా అయింది?" అని మొదలైన చర్చకు ఆ పీరియడ్ చాలలేదు. పదే పదే కాగిన నూనెలో ఫ్యాటీ ఆమ్లాలు పెరుగుతాయి. అవి క్షారంతో కలిస్తే సబ్బవుతుంది. అప్పుడు ఒక అమ్మాయి అంది: "అలాంటి నూనెలోనే మళ్లీ బజ్జీలు వేస్తున్నారా?"

ఆ ప్రశ్న చిన్నది కాదు. టోటల్ పోలార్ కాంపౌండ్స్ 25 శాతం దాటిన నూనె వంటకు పనికిరాదని దేశంలో 2018 జూలై 1 నుంచి నిబంధన ఉంది. వాడిన నూనెను బయోడీజిల్‌కు మళ్లించే 'రూకో' కార్యక్రమాన్ని ఆహార భద్రతా సంస్థ అదే ఏడాది మొదలుపెట్టింది.

షాపులో కొన్న రెడీమేడ్ మోడల్ తెచ్చి ఉంటే ఈ ప్రశ్న పుట్టేదా? తప్పు మీ ఒక్కరిదే అనను. మెరిసే మోడల్‌కు ఎక్కువ మార్కులు వేసేది మేమే. మేమూ మారాలి.

మీకు రెండు విన్నపాలు. వీడియోలు చూసి ఈ ప్రయోగాన్ని ఇంట్లో చేయనివ్వకండి. మిథనాల్ విషం, చూపు పోగొట్టగలదు, ఇట్టే అంటుకుంటుంది. దాని బదులు బూడిదను నీళ్లలో కలిపి, పైకి తేరిన నీటిని చేతికి తగలకుండా ఒక చుక్క పసుపు రాసిన కాగితం మీద వేయించండి. ఎర్రబడుతుంది. అదే క్షారానికి గుర్తు.

రెండోది, ప్రాజెక్టు నోట్‌బుక్‌లో మీ అబ్బాయి "రాలేదు, కారణం ఇది" అని రాసుకొస్తే కోప్పడకండి. సంతోషంగా సంతకం పెట్టి పంపండి.