పల్లం చదవడం నేర్చుకుందాం

నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అన్నారు పెద్దలు. ఆ పల్లం ఎక్కడుందో పాలకులకు తెలియదా? తెలుసు. తెలిసే కళ్లు మూసుకుంటారు. చేలు మునిగాక 'ప్రకృతి వైపరీత్యం' అని చేతులు దులుపుకుంటారు.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు మళ్లింపు కాలువకు గండ్లు పడి సగం బెజవాడ మునిగింది. వాన కురిపించింది ప్రకృతే. ఏరు పారే దారిలో ప్లాట్లు వేసింది మాత్రం మనుషులే. బుడమేరు, తమ్మిలేరు కొల్లేరులోకే దిగుతాయి. అక్కడి నుంచి సముద్రానికి దారి ఉప్పుటేరు ఒక్కటే. ఆ ఒక్క దారి పూడితే, సరస్సులో గట్లు లేస్తే, నీళ్లు వెనక్కి తన్ని మన వరి చేలల్లోకే వస్తాయి. ఆ గట్లు వేసినవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. దాచుకోవద్దు.

సముద్ర మట్టం నుంచి ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలిపే గీతే కాంటూరు. 1999లో కొల్లేరు అభయారణ్యానికి హద్దు గీసింది ప్లస్ అయిదు కాంటూరు మీదే. 2006లో చేపల చెరువులు కొట్టేసింది ఆ గీత చూపించే. చెరువులు కొట్టడానికి పనికొచ్చిన గీత, ఊరు మునగకుండా ముందే హెచ్చరించడానికి ఎందుకు పనికిరాదు?

మన లోపమూ ఉంది. భూగోళం పాఠాన్ని పరీక్ష కోసం బట్టీ పట్టి మరిచిపోయాం. మన పిల్లలు గంగ ఎక్కడ పుట్టిందో చెబుతారు. మన ఊరి మురుగు ఏ డ్రెయిన్‌లో కలుస్తుందో చెప్పలేరు. 'నీళ్లు నిలుస్తున్నాయి, ఆదుకోండి' అని రాసిన అర్జీలు బీరువాల్లో మూలుగుతున్నాయి. 'ఫలానా వంతెన దగ్గర డ్రెయిన్ అడుగు మట్టం ఎగువకంటే ఎత్తుగా ఉంది' అని కొలత వేసి రాస్తే జవాబు చెప్పక తప్పదు. చదువు రైతు చేతిలో ఆయుధమయ్యేది అప్పుడే.

అందుకే మనం అడిగేవి మూడు. ప్రతి పంచాయతీ గోడ మీద ఆ ఊరి కాంటూరు పటం వేయాలి. డ్రెయిన్లలో పూడిక, గుర్రపుడెక్క తొలకరికి ముందే తీయాలి. బడిలో భూగోళం పాఠం మన ఊరి ఏరు, మన ఊరి పల్లం దగ్గర మొదలుకావాలి.

నష్టపరిహారం కోసం క్యూలో నిలబడింది చాలు. ఈ వేసవిలోనే పలుగు, పార, కొలతల టేపు పట్టుకుని డ్రెయిన్ గట్టెక్కుదాం. మన పల్లం మనమే చదువుదాం!