పాత పుస్తకానికీ మొలక పరీక్ష అవసరం

శంషాబాద్ విమానాశ్రయం 2008 మార్చిలో ప్రారంభమైంది. సుమారు 5,500 ఎకరాల ఆ ప్రాంగణంలో ఒకప్పుడు ఏ నేల ఎంత లోతున ఉండేదో, ఏ పైరు ఎలా పండేదో తెలుసుకోవడానికి నేడు పొలానికి వెళ్లి చూసే వీలు లేదు. విమానాశ్రయం చుట్టూ వెలసిన కాలనీలు, గిడ్డంగుల కింద ఉన్న నేలల పరిస్థితి కూడా ఇదే. వాటి గురించి చెప్పగలిగినవి పాత నేల సర్వే నివేదికలు, వర్షపాత రిజిస్టర్లు, వార్షిక నివేదికలు, తెలుగు కరపత్రాలు మాత్రమే. ఇటువంటి కాగితాలకు ఒకే ప్రతి మిగిలి ఉంటే, అది చెదలకో తేమకో ఆహుతి అయిన రోజున ఆ సమాచారాన్ని మళ్లీ సేకరించడం ఎవరి వల్లా కాదు.

అందువల్ల పాత ప్రచురణల డిజిటలీకరణ తక్షణ అవసరమనే విషయంలో భిన్నాభిప్రాయం లేదు. అయితే ఈ చర్చ సాధారణంగా ఒకే ప్రశ్న దగ్గర ఆగిపోతోంది: ఏ నిల్వ మాధ్యమం ఎక్కువ కాలం మన్నుతుంది? ఈ ప్రశ్న అవసరమైనదే గాని, సరిపోదని నా అభిప్రాయం.

మాధ్యమాలను పరిశీలిద్దాం. హార్డ్ డిస్క్‌లో కదిలే భాగాలుంటాయి. కొన్నేళ్ల వాడకం తర్వాత అది ఎప్పుడైనా విఫలం కావచ్చు. పెన్‌డ్రైవ్‌లో సమాచారం విద్యుదావేశ రూపంలో ఉంటుంది. ఏళ్ల తరబడి బీరువాలో ఉంచితే ఆ ఆవేశం క్రమంగా క్షీణిస్తుంది. సాధారణ డీవీడీలోని సేంద్రియ రంగు పొర వేడికి, వెలుతురుకు చెడిపోతుంది. ఎం-డిస్క్‌లో నిరింద్రియ పొర ఉండటం వల్ల అది వెయ్యేళ్లు మన్నుతుందని తయారీదారులు చెబుతారు. కానీ డిస్క్‌ను చదివే డ్రైవ్ నేటి ల్యాప్‌టాప్‌లలో చాలావరకు కనుమరుగైంది. ఎల్‌టీఓ టేపు 30 ఏళ్ల వరకు నిలుస్తుందంటారు; అయితే కొత్త డ్రైవ్‌లు చాలా పాత తరాల టేపులను చదవలేవు. అంటే మాధ్యమం మన్నినా చదివే యంత్రం మన్నకపోవచ్చు.

ఈ సమస్యకు పరిష్కారం మన వృత్తిలోనే ఉంది. జన్యు నిధిలో విత్తనాన్ని మైనస్ 18 డిగ్రీల వద్ద దాచినంత మాత్రాన బాధ్యత తీరిపోదు. నిర్ణీత కాలానికి ఒకసారి మొలక శాతాన్ని పరీక్షిస్తారు. అది తొలి స్థాయిలో 85 శాతం కంటే తగ్గితే, విత్తనాన్ని పొలంలో వేసి పునరుత్పత్తి చేస్తారు. మరొక నకలును దూరప్రాంతంలో భద్రపరుస్తారు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ తన విత్తన నమూనాల నకళ్లను నార్వేలోని స్వాల్‌బార్డ్ నిధికి పంపింది. సిరియాలో యుద్ధం కారణంగా అలెప్పోలోని జన్యు నిధిని వినియోగించలేని స్థితి ఏర్పడినప్పుడు, ఇకార్డా సంస్థ 2015లో తాను స్వాల్‌బార్డ్‌లో దాచిన నకళ్లనే వెనక్కి తెప్పించుకుంది.

పుస్తకాల విషయంలోనూ ఇటువంటి అనుభవమే ఉంది. హైదరాబాద్‌లోని ట్రిపుల్ ఐటీ భాగస్వామిగా ఉన్న డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా ద్వారా వేలాది తెలుగు పుస్తకాలు స్కాన్ అయ్యాయి. 2017 ప్రాంతంలో ఆ వెబ్‌సైట్ పాఠకులకు అందకుండా పోయింది. అప్పటికే ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేరిన నకళ్ల వల్లనే ఆ పుస్తకాలను నేటికీ చదవగలుగుతున్నాం. అయితే అనేక తెలుగు పేర్లు రోమన్ లిపిలో తప్పుగా నమోదు కావడంతో, ఉన్న పుస్తకం కూడా వెతికితే దొరకడం కష్టమవుతోంది.

ఈ వివరాల నమోదు విస్తరణ శాస్త్రవేత్తలకు మరింత ముఖ్యం. పాత వ్యవసాయ పంచాంగాలలోనూ కరపత్రాలలోనూ నాటి సస్యరక్షణ సిఫారసులు ఉంటాయి. మన దేశంలో వ్యవసాయానికి డీడీటీ వాడకం 1989లో నిషిద్ధమైంది. ఎండోసల్ఫాన్‌ను సుప్రీంకోర్టు 2011లో నిలిపివేసింది. సంవత్సరం తెలియని ఒక పేజీ ఫోన్‌లో రైతు చేతికి చేరితే, అది చరిత్రగా కాక నేటి సలహాగా చెలామణి అయ్యే ప్రమాదం ఉంది. కనుక ప్రచురణ సంవత్సరం, సంస్థ, పంట, ప్రాంతం ప్రతి ఫైలుతోనూ ఉండాలి. ఆ సంవత్సరం ప్రతి పేజీ అంచున ముద్రితం కావాలి. కంప్యూటర్‌లోనే పుట్టిన ప్రచురణలనూ విస్మరించరాదు. యూనికోడ్‌కు ముందరి ఫాంట్లలో కూర్చిన తెలుగు ఫైళ్లు ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో అర్థం లేని గుర్తులుగా కనిపిస్తాయి. వాటిని ఇప్పుడే యూనికోడ్‌లోకి మార్చాలి.

ఆచరణలో ఒక చిన్న గ్రంథాలయానికి కూడా ఈ క్రింది పద్ధతి సాధ్యమే. మూల ప్రతిని టిఫ్ రూపంలో, పాఠకుల ప్రతిని పీడీఎఫ్-ఏ రూపంలో ఉంచాలి. మూడు నకళ్లను కనీసం రెండు రకాల మాధ్యమాలపై భద్రపరచి, వాటిలో ఒకటి మరో ఊరిలో ఉంచాలి. ప్రతి ఫైలుకు చెక్‌సమ్ అనే గణిత ముద్రను నమోదు చేసి, ఏడాదికి ఒకసారి సరిచూడాలి. తేడా కనబడితే మంచి నకలు నుంచి పునరుద్ధరించాలి. ఐదేళ్లకు ఒకసారి సమాచారాన్ని కొత్త మాధ్యమానికి మార్చాలి. స్కాన్ అయిందనే కారణంతో కాగితం ప్రతిని పారవేయరాదు.

ఇందుకు పెద్ద యంత్రాల కంటే నిలకడైన బాధ్యత అవసరం. స్కానింగ్‌కు ప్రాజెక్టు నిధులు ఒకసారి వస్తాయి. తనిఖీకి ప్రతి ఏటా ఒక మనిషి, కొద్దిపాటి బడ్జెట్ కావాలి. విత్తన నిల్వకు బాధ్యుడైన అధికారిని నియమించినట్లే, డిజిటల్ నిల్వకూ ఒక బాధ్యుడిని పేరుతో సహా నియమించి, వార్షిక నివేదికలో ఆ తనిఖీ ఫలితాన్ని ప్రచురించాలి. విశ్వవిద్యాలయాలు ఏ డిస్క్ కొనాలన్న నిర్ణయం కంటే ముందు ఈ నిర్ణయం తీసుకోవాలి.